పదకొండు వారాల సున్నాలు

"మాటలు రావండీ. అంతే. ఇందులో పరీక్షించడానికేముంది?" అంది వర్షిణి, ల్యాప్‌టాప్ తెరుస్తూ.

జాన్సన్‌విల్‌లోని ఆ స్పీచ్ థెరపీ గదిలో ఉన్నది నలుగురు. మూడున్నరేళ్ళ పాప. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకున్న ఎల్మారి. బల్లకు అవతల థెరపిస్టు అమూల్య. వీళ్ళకు దూరంగా, తలుపు పక్క కుర్చీలో, మెడలో ఆఫీసు కార్డు తీయకుండా వర్షిణి. ఈ పరీక్ష పెట్టించింది ఆమే.

వర్షిణి ఉత్తినే అనే మనిషి కాదు. ఆధారాలున్నాయి. వారానికోసారి, తప్పకుండా, పాపకు పది బొమ్మలు చూపించింది. కుక్క, చెంచా, గుర్రం, చెట్టు. పేర్లు ఇంగ్లీషులో అడిగింది. పదకొండు వారాలు, పదకొండు సున్నాలు. ఎక్సెల్ షీట్‌లో వాటికి ఎర్రరంగు కూడా వేసింది.

"అసలు నోరే విప్పదా?" అడిగింది అమూల్య.

"ఎందుకు విప్పదు? గొంతులో గరగరమని ఏవో చప్పుళ్ళు చేస్తుంది. అవీ మాటలేనా?"

ఎల్మారికి తెలుగు రాదు. వర్షిణి గొంతులోని ఈసడింపు మాత్రం బాగానే అర్థమైంది. పాపను ఇంకాస్త దగ్గరకు తీసుకుంది. రిపోర్టు తేడాగా వస్తే పాపను ఆమె దగ్గర ఉంచేది లేదని వర్షిణి నిన్ననే తేల్చి చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి ఎల్మారికి అన్నం సయించడం లేదు.

వర్షిణికి జాలేమీ కలగలేదు. ఆ మనిషిని చూస్తేనే ఒళ్ళు మండింది. దక్షిణాఫ్రికా నుంచి వచ్చి ఆరేళ్ళయిందట. వేలాడే స్వెటర్, దాని మీద జామ్ మరక. మాట్లాడే ఇంగ్లీషు చూస్తే అతుకుల బొంత. తెల్లనివన్నీ పాలు కావని వర్షిణికి ఈమెను చూశాకే తెలిసింది. ఇలాంటి చేతుల్లో పెరిగే పిల్లకు మాటలెక్కణ్ణుంచి ఊడిపడతాయి?

"పిల్లలకి ఒక్కటే లాంగ్వేజ్ ఉండాలండీ," అంది అమూల్యతో. "రెండోది పెడితే కన్ఫ్యూజ్ అయిపోతారు. మా ఇంట్లో అయితే తెలుగు ఒక్క ముక్క రానివ్వం."

అమూల్య తలూపింది. వరంగల్ నుంచి చదువుకోడానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన పిల్ల. ఈ పాఠం ఆమె ఇప్పటికి చాలామంది దగ్గర విన్నది. ట్యాబ్లెట్ ఆన్ చేసింది. తెర మీద ఒక ముసలాయన నవ్వుతూ కనిపించాడు.

"ఈయన ఇంటర్‌ప్రెటర్," అంది అమూల్య వర్షిణితో. "మీరు పంపిన వీడియో విన్నానండీ. అవి చప్పుళ్ళు కావు, ఆఫ్రికాన్స్ అని నా డౌట్. సౌతాఫ్రికాలో చాలామంది ఇళ్ళల్లో మాట్లాడే భాష."

వర్షిణి గిర్రున ఎల్మారి వైపు తిరిగింది. "ఇంగ్లీషులోనే మాట్లాడాలని రాసిచ్చానా లేదా? మొదటి షరతే అది!" అంది ఇంగ్లీషులో.

"ఇచ్చారు," అంది ఎల్మారి. "మాట్లాడతాను కూడా. కానీ రోజంతా పాప నా దగ్గరే కదా. ఏడిస్తే మా అమ్మ పాడిన పాటలే నోటికొస్తాయి."

"పాటలట!" వర్షిణి పెదవి విరిచింది.

అమూల్య మాటల్లేని బొమ్మల పుస్తకం ఒకటి తీసింది. ఇంగ్లీషు పిల్లల కోసం చేసిన పరీక్షను మాటకు మాట తిప్పి వేరే భాష పిల్లలకు పెడితే పనికిరాదని ఆమెకు తెలుసు. అందుకే ఆ బొమ్మలు చూసి కథ చెప్పమని ముసలాయన చేత అడిగించింది.

పాప ఒకసారి ఎల్మారి మొహంలోకి చూసింది. తర్వాత మొదలుపెట్టింది. ఇక ఆగలేదు.

ముసలాయన ఇంగ్లీషులోకి మార్చి చెబుతున్నాడు. "బాతుపిల్ల తాతగారి చెప్పు ఎత్తుకుపోయింది. తాతగారు ఇల్లంతా వెతికారు. దొరికాక తిట్టలేదు. ఎందుకంటే బాతుపిల్లకి చలేసి చెప్పులో పడుకుంది. లేచాక ఇచ్చేస్తుంది."

అమూల్య వాక్యాలు లెక్కపెట్టుకుంటూ రాసుకుంది. 'ఎందుకంటే' కింద రెండు గీతలు గీసింది.

"అయితే ఏంటి? ఆ భాషతో ఇక్కడ ఏం చేసుకుంటుంది?" అంది వర్షిణి. "మరి నా బొమ్మలకి ఒక్క పేరైనా చెప్పలేదేం?"

"అదీ పాపనే అడుగుదాం."

అమూల్య ఇంగ్లీషులో చెబితే ముసలాయన పాపను అడిగాడు. పాప తల తిప్పి వర్షిణిని చాలాసేపు చూసింది. పెద్దమనిషిలా నిట్టూర్చి, ఏదో చెప్పింది.

ముసలాయన కాస్త తటపటాయించాడు. "'ఆమెకి ఇంకా మాటలు రావు' అంటోంది. 'కుక్కని చూపించి ఇదేంటి అంటుంది. చెంచా చూపించి ఇదేంటి అంటుంది. నేను చెప్పినా అర్థం కాదు. మళ్ళీ అదే అడుగుతుంది. మెల్లగా నేర్చుకుంటుందిలే.'"

ఎల్మారి నవ్వు ఆపుకోలేక పాప జుట్టులో మొహం దాచుకుంది.

"పొగరు! ఎవరి దగ్గర నేర్చిందో తెలుస్తూనే ఉంది." వర్షిణి టక్కున ల్యాప్‌టాప్ మూసేసింది.

అమూల్య రిపోర్టు రాసి పైకి చదివింది. పాపకు వయసుకు మించి మాటలున్నాయి. లోపమేమీ లేదు. ఎల్మారి దగ్గర నుంచి పాపను కదిలించవద్దు. ఇంగ్లీషు దానంతటదే వస్తుంది.

ఎల్మారి కళ్ళు తుడుచుకుంది. పాప కూడా తన చేత్తో ఆమె చెంపలు తుడిచింది.

"ఒక్క సంతకం మిగిలింది," అంటూ లేచింది అమూల్య.

కాగితం పట్టుకుని ఎల్మారిని దాటి, తలుపు పక్క కుర్చీ దాకా నడిచి, 'తల్లి' అని ఉన్న గీత మీద వేలు పెట్టి, పెన్ను వర్షిణి చేతికిచ్చింది.