బీరువా వెనక పాట

కుట్టు మిషన్ దగ్గర పాటలు వినకూడదని ఫ్యాక్టరీలో కట్టడి. వదిన మాత్రం జుట్టు చాటున ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకునేది. ఆ రోజు ఉన్నట్టుండి మిషన్ ఆపేసి, దాన్ని నా చెవిలో పెట్టింది.

ఎవరో కొత్త హిప్‌హాప్ కుర్రాళ్లు. “మూడో అంతస్తు, బీరువా వెనక, గోడ నోరు తెరిచింది, సున్నం కుక్కి మూశారు” అంటూ గుక్కతిప్పుకోకుండా పాడుతున్నారు.

“మనదీ మూడో అంతస్తే కదే!” అంది వదిన.

నవ్వుకుంటూనే మా మిషన్ల పక్కనున్న బీరువా జరిపాం. వెనక కొత్త సున్నం. కత్తెరతో గీకితే పెళ్లలు రాలాయి. పగుల్లోకి నా చెయ్యి మణికట్టుదాకా దూరింది.

వదిన ఎవరినీ అడగలేదు. పరుగున వెళ్లి ప్రమాద గంట మోగించింది. అందరం రోడ్డు మీదికి పరిగెత్తాం. “పిచ్చి పట్టిందా మీకు?” అని సూపర్‌వైజర్ ఇంకా తిడుతుండగానే భవనం కుప్పకూలింది.

అప్పటినుంచి ఆ కుర్రాళ్లంటే మాకు ప్రాణం. నిన్న కచేరీ అయ్యాక వదిన పాటగాడి చేతులు పట్టుకుంది.

“మమ్మల్ని బతికించావు నాయనా! మా గోడ సంగతి నీకెలా తెలిసింది?”

అతను తెల్లబోయాడు. “మీ గోడా? అది మా అమ్మ పనిచేసిన ఫ్యాక్టరీ గోడమ్మా. వేరే ఊళ్లో. అమ్మ బయటికి రాలేకపోయింది.”

వదిన చేతులు వదల్లేదు. “అది కట్టిందెవరు?” అంది.

అతను పేరు చెప్పాడు. మా పాత భవనం కట్టినవాడే. ఇప్పుడు మేము పనిచేస్తున్న కొత్త ఫ్యాక్టరీ గేటు మీద ఉన్నదీ ఆ పేరే.