సాగగొట్టిన వెండి

“మెడల బిల్ల లేకుంట నా వంటింట్లకు రావద్దన్ననా లేదా?” అంటూ చంద్రవ్వ కోడలి చేతిలోంచి గరిటె లాక్కుంది. పొద్దున మొదలైన గొడవ అన్నాలవేళకూ చల్లారలేదు.

కోడలు భూదేవి, చంద్రవ్వ కొడుకు రాజేశానికి రెండో భార్య. మొదటామె నాగవ్వ పేరుమీద చేయించిన వెండి బిల్లను పెళ్లినాటి నుంచీ మెడలో వేసుకుంటోంది. పండుగనాడు ముందు దానికి కుంకుమ పెట్టాకే తను పెట్టుకోవాలి. కొత్తచీర ముందు దానికి తాకించాకే తను కట్టుకోవాలి. రెండో పెళ్లి జరిగిన ఇళ్లలో అది ఆచారమే.

ఇప్పుడా బిల్ల లేదు. పోగొట్టింది రాజేశమే.

పట్నంలో, కాలేజీ ప్రయోగశాలలో అతను ఎక్స్‌రే కిరణాలతో లోహాలను పరీక్షిస్తున్నాడు. పలచటి రేకు గుండా కిరణాలను పంపితే, రేకు కొన్నింటిని మింగి కొన్నింటిని వదులుతుంది. వదిలినవి ఫోటో పలకమీద గీతలై పడతాయి. ఆ గీతలను బట్టి, లోహం లోపల పరమాణువులు ఎలా సర్దుకుని ఉన్నాయో లెక్కగట్టాలి.

యుద్ధం మొదలయ్యాక ఇంగ్లండు నుంచి స్వచ్ఛమైన వెండి రేకులు రావడం ఆగిపోయింది. బజారు వెండిలో రాగి ఉంటుంది. పోయినవాళ్ల పేరుమీద చేసే బిల్లలో మాత్రం ఎల్లారెడ్డి ఊళ్లోని కంసాలి ఔసులాయన రాగి కలపడు.

కిందటిసారి వచ్చినప్పుడు రాజేశం ఆ బిల్లను భూదేవిని అడిగి పట్టుకుపోయాడు. కాగితమంత పలచగా సాగగొట్టించాడు. సుత్తిదెబ్బలకు బిల్లమీది ఆడమనిషి బొమ్మకు ముందు కళ్లు పోయాయి, తర్వాత ముఖమే పోయింది. పక్కన నిలబడి చూస్తూ కూడా అతను చాలు అనలేదు. గీతలు బాగా వచ్చాయని మాస్టారు మెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి అతనికి అన్నం సయించడం లేదు.

“దాని ఉసురు ఊకె పోతదా?” అంది చంద్రవ్వ. “నీ సదువు పాడుగాను. మనం చేసింది చాలదని సుత్తెతోని గూడ కొట్టిస్తివి.”

తండ్రి లింగయ్య తలొంచుకుని మజ్జిగ తాగాడు.

అడగ్గానే తనే తీసి ఇచ్చానని, తప్పు తనదేనని భూదేవి అడ్డం వచ్చింది. రాజేశానికి తల్లి తిట్లకన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది. అత్త మాట మళ్లించడానికి కాబోలు, ఇంతకీ ఆ గీతల్లో ఏం కనబడిందని భూదేవి అతన్ని అడిగింది.

“కండ్లకు కనవడని రవ్వలుంటయి వెండిల. కిరణాన్ని మింగిన రవ్వ పక్కన ఏమేమున్నయో, ఎంత దూరమున్నయో తెలుస్తది. గీత అవుతల సన్నగ అలల లెక్క పడ్తయి.”

“పక్కన ఏం లేకుంటెనో?”

“అలలు రావు. అవుతలంత సాపుగ ఉంటది.”

“అయ్యో, ఒక్కతే పాపం,” అంది భూదేవి, ఎవరో ఎరిగిన మనిషి గురించి విన్నట్టు.

రాజేశం చేతిలోని ముద్దను కంచంలో పెట్టేశాడు. అమావాస్యలోపల కొత్తబిల్ల కావాలని, ఔసులాయనకు ఇప్పుడే కబురు పంపమని చంద్రవ్వ మొగుణ్ణి పోరుతోంది. రాజేశం లేచి చెయ్యి కడుక్కొచ్చి, వంటింటి గడపలో నిలబడ్డాడు. అందరూ తనవైపు చూసేదాకా ఆగాడు.

“కొత్త బిల్ల చేపియ్యొద్దు బాపూ,” అన్నాడు మెల్లగా.

“రేపు కామారెడ్డిల రైలెక్కి కుష్ఠు దవాఖానకు పోత, రోగం నయమైందని కబురంపి ఏడాదిసంది మన కోసం ఎదురుచూస్తున్న నాగవ్వను ఇంటికి తోల్కొస్త.”