మూడు వారాలకో బ్యాగు

గోడలో మూత తీసి వాక్యూమ్ గొట్టం తగిలిస్తే దుమ్ము లాక్కోవాలి. లాక్కోలేదు.

నెస్టర్ ఆ గొట్టంతోనే డార్కా వీపు మీద రెండు వేశాడు.

"ఏం చేశావే దీన్ని?"

"నేనేం చెయ్యలేదు. గొట్టం చిరిగినట్టుంది. అంగడికి తీసుకెళ్ళి చూపించాలేమో" అంది డార్కా, నేల మీద నుంచి లేవకుండానే.

నిజానికి గోడలోని పైపులో గిన్నెలు తుడిచే గుడ్డ కుక్కింది ఆమే. దెబ్బలు పడతాయని తెలిసే కుక్కింది.

నేలమాళిగలో పీపా అంత మోటారు, దానికొక దుమ్ము నిండే బ్యాగు, ఇల్లంతా గోడల్లోంచి పైపులు. బ్యాగు ఒకసారి వేస్తే ఆరు నెలలు దాని మొహం చూడక్కర్లేదు. డార్కా మాత్రం మూడు వారాలకోసారి కెనడాలోని యార్క్టన్‌లోని స్టెఫా వాక్యూమ్ సామాన్ల అంగడికి ఫోను చేసి బ్యాగులు అడిగేది. నెస్టర్ ఆమెను ఫోను ముట్టుకోనిచ్చేది ఆ ఒక్క పనికే. ఇల్లు అద్దంలా ఉండాలన్న పిచ్చి అతనిది. ఇంకో మనిషి గొంతు వినాలంటే పాపం ఆ పిల్లకు అదొక్కటే దారి.

స్టెఫా అరవై దాటిన మనిషి. అలాంటివి పసిగట్టడం ఆమెకు ఎంతసేపు? పోయిన వారం ఫోనులో నెమ్మదిగా అడిగింది.

"మీ ఆయన పక్కనే ఉన్నాడా?"

"ఆఁ, బ్యాగులేనండీ."

"చెయ్యి చేసుకుంటాడా?"

డార్కా ఎదురుగా నెస్టర్ బంగాళదుంప కూరిన పెరోగీలు మింగుతున్నాడు.

"అవునండీ, పెద్ద సైజే" అంది.

అప్పుడు స్టెఫా దారి చెప్పింది. గొట్టం పాడైందని బుధవారం పదింటికి మొగుణ్ణి వెంటబెట్టుకుని రమ్మంది. అంగడి వెనక తలుపు తీసి ఉంటుందట. సందులో తన చెల్లెలు బండి స్టార్టు చేసి పెట్టుకుని కూచుంటుందట. ఒక్క రెండు నిమిషాలు దొరికితే చాలట.

బుధవారం వచ్చింది. ఆ రెండు నిమిషాలే దొరకలేదు.

అంగట్లోకి అడుగు పెట్టింది మొదలు నెస్టర్ ఆమె మణికట్టు వదల్లేదు. గొట్టం చంకలో పెట్టుకున్నాడు, పర్సు ఎడమ చేత్తో తీశాడు, కుడి చెయ్యి మాత్రం అలాగే బిగించి ఉంచాడు. లోపలికొచ్చి కొత్త గొట్టం సరిచూసుకోమని స్టెఫా పిలిస్తే, ఇక్కడికే తెమ్మన్నాడు. కూచోమంటే నిలబడే ఉంటానన్నాడు.

స్టెఫా చేసేది లేనట్టు బ్యాగుల పెట్టె ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది.

మూలన బెల్టులూ బ్రష్షులూ కెలుకుతున్న ఒక ముసలాయన వచ్చి దాని మీద చెయ్యి వేశాడు. జిడ్డు టోపీ, వారం రోజుల గడ్డం.

"ఇవి నావి. ముందొచ్చింది నేను."

తాగుబోతు ముండాకొడుకు, వీడికి ఇవాళే కావాల్సొచ్చాయా బ్యాగులు, అని డార్కా మనసులో తిట్టుకుంది.

"చెయ్యి తియ్యి ముసలోడా" అన్నాడు నెస్టర్.

"ముందు నువ్వు తియ్యి ఆ పిల్ల మీద నుంచి. పట్టుకోడానికి ఆడది లేకపోతే నిలబడలేవా?"

నెస్టర్ పిడికిలి ఇంకా బిగిసింది. డార్కా వేళ్ళు నీలంగా మారాయి.

ముసలాయన అతని మొహంలోకి చూశాడు, వైద్యుడు నాలుక చూసినట్టు. తర్వాత గొంతు తగ్గించాడు.

"మీ నాన్న బెల్టు విప్పుతుంటే నిలబడ్డచోటే నిక్కరు తడుపుకునేవాడివి కదూ. నీ కళ్ళే చెబుతున్నాయిలే."

నెస్టర్ చెయ్యి వదిలేశాడు.

మొదటి గుద్దుకే ముసలాయన ముక్కు పగిలింది. రెండోదానికి బ్రష్షుల అర మీద పడ్డాడు, అర ఆయన మీద పడింది. లేచాడు. నోట్లో రక్తంతోనే మళ్ళీ ఏదో అన్నాడు. నెస్టర్ బల్ల పక్కనున్న ఇనప గొట్టం ఒకటి అందుకుని పక్కటెముకల మీద వేశాడు, ఒకటి, రెండు, మూడు. ముసలాయన ఎదురు చెయ్యి ఎత్తలేదు. రెండు చేతులూ నెస్టర్ నడుం చుట్టూ వేసి, చచ్చినా వదలనన్నట్టు కావలించుకున్నాడు. ఆ వీపు మీద గొట్టం పడుతూనే ఉంది.

డార్కా కొయ్యలా నిలబడిపోయింది.

"నీకే చెబుతున్నా, వెళ్ళు" అంది స్టెఫా.

డార్కా వెనక తలుపు వైపు పరిగెత్తింది. మంచులో బండి కదిలాక కూడా ఆ ఇనుము చప్పుడు చెవుల్లోంచి పోలేదు.

నెస్టర్‌ను ఆ పూటే పోలీసులు తీసుకుపోయారు. ముసలాయనకు నాలుగు ఎముకలు విరిగాయి. ఊపిరితిత్తికి చీము పట్టి పంతొమ్మిదో రోజున పోయాడు. ఈ సంగతి డార్కాకు, తను తలదాచుకున్న సాస్కటూన్‌లో చాలా ఆలస్యంగా తెలిసింది.

ఈస్టరు వెళ్ళాక పండక్కి చేసే పాస్కా రొట్టె ఒకటి కాల్చి పట్టుకుని స్టెఫా దగ్గరికి వచ్చింది. బల్ల దగ్గర కూచుని ఏడ్చింది.

"బ్యాగుల కోసం తగువుకొచ్చాడనుకున్నానమ్మా. తాగుబోతని తిట్టుకున్నాను."

"ఆయన ఉండేది అద్దె గదిలో. చీపురు తప్ప ఏమీ లేదు. పైగా తాగడం మానేసి ఎన్నో ఏళ్ళయింది" అంది స్టెఫా.

"మరి ఎందుకొచ్చాడు?"

"నేనే రమ్మన్నాను. నీ మొగుడు నీ చెయ్యి వదలడని నాకు తెలుసు. అలాంటివాణ్ణి ఎక్కడ గుచ్చాలో తెలిసిన మనిషి ఈ ఊళ్ళో ఆయనొక్కడే."

"ఆయనకెలా తెలుసమ్మా?"

స్టెఫా రొట్టెను కత్తితో రెండు ముక్కలు చేసి, ఒకటి డార్కా ముందుకు జరిపి, "ఇరవై ఎనిమిదేళ్ళ కిందట నేను కట్టుబట్టలతో పారిపోయి వచ్చింది ఆయన దగ్గర్నుంచే" అంది.