గీత పడని కారు

ఎర్రకారు కీచుమని ఆగింది. నల్లకళ్లద్దాల కుర్రాడొకడు అందులోంచి దిగి, బానెట్ మీదకి వంగి, కన్నబిడ్డకి దెబ్బ తగిలినట్టు "అయ్యయ్యో" అన్నాడు.

రోడ్డు పక్క చేనులో ఉన్న తాయారు పని ఆపి వచ్చింది. అది కొత్తగా వేసిన రోడ్డు. కంకర ఇంకా అణగలేదు. టైరు కింద రాయి లేచి కారుకి తగిలింది. ఎక్కడ తగిలిందో కనిపెట్టడానికి తాయారుకి రెండు నిమిషాలు పట్టింది. తీరా చూస్తే ఆవగింజంత చుక్క.

"స్పోర్ట్స్ కారు ఆంటీ. ఒక్క గీత పడితే లక్ష," అన్నాడు కుర్రాడు, టీవీలో వార్తలు చదివినట్టు. "మొక్కు ఉంది, ఈ వారమంతా శ్రీముఖలింగం వెళ్లిరావాలి. ఈ దారే దగ్గర."

మాటతీరు చూస్తే వైజాగు బాబే. లక్ష అన్న మాటకి తాయారు బుగ్గలు నొక్కుకుంది. ఆవిడ ఉలవపంట మొత్తం అమ్మినా అందులో సగం రాదు.

ఆ పంటే ఇప్పుడు ఆవిడ ప్రాణాల మీదకొచ్చింది. కోసిన ఉలవంతా రోడ్డు పక్కన కుప్పగా పడి ఉంది. అల్పపీడనమట, శనివారం నుంచి వానలట. ఈలోగా నూర్చకపోతే గింజ కుప్పలోనే మొలకెత్తుతుంది, ఏడాది కష్టం గంగపాలవుతుంది. ఊళ్లో ఉన్న ఒక్క ట్రాక్టరూ మరిది కొండబాబుది. వాడితో మాటల్లేక రెండేళ్లు. వాణ్ణి అడగడం కంటే వంశధారలో దూకడం నయమని ఆవిడ సిద్ధాంతం. మిగతావాళ్లు నాలుగు మైళ్ల అవతల పెద్ద రోడ్డు మీద పంట పరిచి, వచ్చే పోయే బళ్ల చేత నూర్పించుకుంటారు. అంతదూరం చేర్చాలన్నా మళ్లీ ఆ ట్రాక్టరే కావాలి. ఈ కొత్త రోడ్డు మీద తిరిగేవేమో నాలుగు సైకిళ్లు.

మొన్న సంబంధాలు కుదిర్చే సుభద్రమ్మ పాతపట్నం గింజల కొట్టు వాళ్లబ్బాయి సంబంధం తెచ్చినప్పుడూ ఈ చిరాకులోనే ఉంది తాయారు.

"తక్కెడ పట్టినోడికి నూర్పు కట్టం ఏటి తెలస్తాది? నా ఉలవలు నూర్సి గింజ ఇంట్లో ఎట్టినోడికే నా పిల్లనిస్తాను, పోయి సెప్పు," అని తోలేసింది. కూతురు సుహాసిని పక్కనే చాటలో బియ్యం ఏరుకుంటూ అంతా వింది.

ఇప్పుడా సుహాసినే కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "రోడ్డు మీద మెత్తగా ఏటైనా పరిస్తే రాయి లెగదు కదమ్మా," అంది.

తాయారు కుప్ప వైపు చూసింది. కారు వైపు చూసింది. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకోవలసి వచ్చింది.

"బాబూ, నీ కట్టం సూడలేకపోతన్నాను. రేపట్నుంచి నీ కారు కోసం రోడ్డంతా గడ్డి పరిసేస్తాను."

"మీకెందుకాంటీ శ్రమ?"

"నువ్వు పరాయోడివేటి?"

మర్నాడు పొద్దున్నే ఉలవచెత్తంతా పల్చగా రోడ్డెక్కింది. కారు దాని మీదకి రాగానే కాయలు చిటపటమన్నాయి.

"ఆ చప్పుడేంటి ఆంటీ?"

"కంకర అణుగుతన్నాది బాబూ. ఒక్కసారి పోతే సాలదు. పదిసార్లు ఇటూ అటూ తిరిగితే రోడ్డు నున్నగయిపోతాది, నీ రంగుకి ఇంక ఢోకా ఉండదు."

కుర్రాడు పదిహేనుసార్లు తిరిగాడు. తిరిగిన ప్రతిసారీ దిగి, మెత్తటి గుడ్డతో బానెట్ తుడిచి, గీత లేదని మురిసిపోయి మళ్లీ ఎక్కాడు. తాయారు కర్రతో చెత్త తిరగేస్తుంటే అంతసేపూ ఓపిగ్గా ఆగాడు. ఊళ్లో పిల్లలు కారుతో సెల్ఫీలు దిగారు. ఎవరైనా నిజం నోరు జారతారేమోనని తాయారు వాళ్లందరికీ బెల్లంముక్కలు పంచింది.

నాలుగు రోజులు ఇదే భాగోతం. తాయారుకి సంతోషంతో ఒళ్లు తేలిపోతోంది.

"ఇంత వెర్రిబాగులోణ్ణి నేనెక్కడా సూళ్లేదే. ఈణ్ణి కట్టుకునే పిల్లెవతో గానీ, దాని గతి అంతే," అంది కూతురితో.

సుహాసిని నవ్వలేక రోడ్డు మీదే చతికిలబడింది.

శుక్రవారం మధ్యాహ్నానికి తూర్పారబట్టడం కూడా అయిపోయింది. ఐదు బస్తాలు. మూతులు కుడుతుండగానే టపటపా చినుకులు మొదలయ్యాయి. చూస్తూండగానే కుర్రాడు కారుని వానలో అలాగే వదిలేసి, బస్తాలు ఒక్కొక్కటే వీపు మీద వేసుకుని తాయారు ఇంట్లో దించేశాడు. ఆఖరి బస్తా గడప దాటాక వాన విరుచుకుపడింది.

తడిసి ముద్దయి నిలబడ్డ వాణ్ణి చూసి తాయారు గబగబా దండెం దగ్గరకెళ్లింది. తుండుగుడ్డ అందించింది.

"నీకో మాట సెప్పాల బాబూ. నేను పరిసింది ఉత్త గడ్డి కాదు, నా పంట. నీకు తెలీకుండా నీ కారుసేత ఉలవలు నూర్పించుకున్నాను. ఒకరి కట్టం ఉంచుకునే మనిసిని కాను నేను. ఓ బస్తా నువ్వట్టుకెళ్లిపో."

కుర్రాడు నల్లకళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. బస్తా మూతి దగ్గర రాలిన ఉలవలు గుప్పెడు తీసి, పొట్టు ఊది, ఒక గింజ పంటి కింద పెట్టి కొరికి చూశాడు. తలుపు వెనక సుహాసిని ఊపిరి బిగబట్టింది.

"బస్తాదేముంది అత్తా, అది ఎలాగూ పాతపట్నంలో మా కొట్టుకే వస్తాది; నూర్సి గింజ ఇంట్లో ఎట్టినోడికి ఇస్తానన్నదే ఇచ్చీండి."