మహారాజు చెవిలో చెప్పినవి

"ప్రభూ, కోట పడిపోయింది."

ఎనిమిదేళ్లుగా ఆ నాటక సమాజంలో అతనిది ఇదొక్కటే మాట. అందుకే అందరూ అతన్ని భటుడనే పిలుస్తారు. పెళ్లయి నలభై రోజులు. కొత్త పెళ్లాం అదే సమాజానికి దుస్తులు కుడుతుంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా ఆమె నవ్వగలదని కనిపెట్టినప్పట్నుంచీ అతనికి కాలు నేల మీద నిలవడం లేదు.

"మిమ్మల్ని రాజు వేషంలో చూడాలనుందండీ," అంది ఆమె ఒకరోజు, అతని భుజాలు కొలుస్తూ.

కోరిక అతనికీ ఉంది. దారే లేదు. రాజు వేషం వేసేవాడే సమాజానికి పెద్ద. ఆయన తనంతట తాను దిగిపోకూడదు. మిగతా అందరూ ఏకమై సంతకాలు పెడితేనే రాజు మారతాడు. ఇక ఆ మిగతా అందరూ, ఫ్యాను వేయాలా వద్దా అన్నదాంట్లో కూడా ఏనాడూ ఏకమైంది లేదు.

సరిగ్గా అప్పుడే మహారాజు బుద్ధి గడ్డి తింది.

నాటకాల్లో రాజులు చేసే పనే మొదలుపెట్టాడు. రాణి చెవిలో, "నీకు వయసైపోయిందంటున్నాడమ్మా మంత్రి," అన్నాడు. మంత్రి చెవిలో, "నీది బాతు నడకట, సేనాపతి అన్నాడు," అన్నాడు. సేనాపతి చెవిలో, "నీ గొంతు తుప్పు పట్టిన తలుపులా ఉందట, రాణి నవ్వుతోంది," అన్నాడు. వారం తిరిగేసరికి రిహార్సల్ గదిలో ఎవరి మూల వాళ్లది.

ఇన్ని నాటకాల్లో ఇవే కుట్రలు పన్ని, ప్రతిసారీ మూడో అంకంలో కూలిపోయిన మనిషి తన డైలాగులు తనే వినలేదా అని భటుడికి వింతగా ఉంది. కాస్త చిన్నతనంగానూ ఉంది. అందరి పేరుతోనూ ఓ పుకారుంది. తన పేరుతోనే లేదు.

"నేను పుకారుకి కూడా పనికిరానా?" అన్నాడు భార్యతో.

"పోనిద్దురూ," అంది ఆమె దారం కొరుకుతూ.

ఆ ఆదివారం కొలతలకని అందర్నీ ఒకేసారి ఒకే గదిలోకి పిలిచింది. చేతులు చాపి ఎదురెదురుగా నిలబడ్డవాళ్లు ఎంతసేపని మొహాలు తిప్పుకుంటారు?

"నాది బాతు నడకటయ్యా?" అన్నాడు మంత్రి, ఉండబట్టలేక.

"నేనెప్పుడన్నాను? ఎవరు చెప్పారు?" అన్నాడు సేనాపతి.

"ఇంకెవరు, మహారాజు."

"అయితే నా వయసు సంగతీ ఆయన వంటకమేనన్నమాట," అంది రాణి.

అందరూ పడీపడీ నవ్వారు. ఆ తర్వాత కోపాలొచ్చాయి. కాగితం తెచ్చి టకటకా సంతకాలు గీకేశారు.

"మరి కొత్త రాజెవరు?"

"భటుడే. వీడొక్కడే ఎవర్నీ ఏమీ అనలేదు," అన్నాడు మంత్రి. తొలిసారి ఎవరూ కాదనలేదు.

కబురందుకుని వచ్చిన మహారాజు కాగితం రెండుసార్లు చదివాడు. మొహం వేలాడేసుకుని, కిరీటం తీసి భటుడి నెత్తిన పెట్టాడు.

భటుడికి జాలేసింది. "తప్పుగా అనుకోకండి బాబాయ్."

ఆయన భటుణ్ని దగ్గరకి లాక్కుని, చెవిలో మెల్లగా అన్నాడు.

"మీ ఆవిడ రాసిచ్చిన పుకార్లన్నీ పొల్లుపోకుండా చెప్పేశాను నాయనా, ఇక నిలబడక్కర్లేదని నా మోకాళ్లు దండం పెడుతున్నాయని ఆవిడతో చెప్పు."