ముగ్గు చోట

ఏ తెర మీద రాసినా మన మాటను తనే పూర్తిచేసే ‘తోడు’ ఇంటింటికీ వచ్చి చాలా ఏళ్లయింది. కాకినాడ ఫ్లాటులో హైమావతి ‘నాకు’ అని మొదలుపెడితే చాలు, ‘ఏ ఇబ్బందీ లేదు, అంతా బాగుంది’ అని మిగతాది అదే అల్లేసేది. ఆడపడుచుకైనా, ఆఫీసుకైనా అదే జవాబు.

ఆ పొద్దున ముగ్గు వేద్దామని గుమ్మం ముందు వంగింది. చుక్కలు పెట్టాల్సిన వేళ్లు ‘నాకు’ అని రాశాయి. అలవాటుగా కాసేపు ఆగింది. నేల ఏమీ అందివ్వలేదు. దాంతో చెయ్యి ఆపకుండా, ఆలోచించకుండా, తోచిందల్లా రాసుకుంటూ పోయింది.

నాకు వంకాయ కూర ఏనాడూ నచ్చలేదు. నాకు ఈ ఉద్యోగం వద్దు. నాకు కోపంగా ఉంది. ఇంత కోపం ఉందని నాకే తెలీదు.

భర్త భాస్కరం తలుపు తీసి బిత్తరపోయాడు.

“ఏంటే ఇది? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు? చెరిపెయ్! అసలు నీకేం తక్కువైందని?”

తలుపు మీది తెరలోంచి తోడు మెత్తగా అందుకుంది. “‘నాకేం తక్కువ లేదండీ’ అని చెప్పమంటారా, అమ్మా?”

“నోర్ముయ్!” అంది హైమావతి.

ఎవరినన్నదో అడిగే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. ఆమె ముగ్గు గిన్నె తీసుకుని మెట్లవైపు జరిగింది. గుమ్మం ముందు చోటు చాల్లేదు.