గతుకులు తెలియని జీపు

కుదుపే కావాలనే మనిషికి సుఖం కొనిపెట్టడం ప్రేమేనా? ఏళ్ళుగా నన్ను వదలని ప్రశ్న ఇది.

ప్రమాదంలో తమ్ముడికి నడుం కింద స్పర్శ పోయింది. కొండదారుల్లో వాడు నడిపిన జీపులోనే, వెనక పడుకోబెట్టి, ఆసుపత్రికి తిప్పేదాన్ని. దాని షాక్ అబ్జార్బర్లు పాడయ్యాయి.

"చవకలో రెండు రకాలే ఉన్నాయమ్మా," అన్నాడు మెకానిక్. "మెత్తవి తొందరగా పోతాయి. గట్టివి మన్నుతాయి గానీ ఒళ్ళు హూనం."

"గట్టివే వెయ్యన్నా!" వెనకనుంచి తమ్ముడు కేకేశాడు. "అక్కా, నన్ను కోడిగుడ్డులా మొయ్యకు. గతుకు తగిలితేనే రోడ్డు మీదున్నానని తెలుస్తుంది."

వెన్ను అదరకూడదని డాక్టరు మరీమరీ చెప్పాడు. మెత్తవే వేయించాను.

కొండ సగం దిగాక, వాడు కళ్ళు మూసుకునే అడిగాడు: "ఇంకా బయల్దేరలేదా, అక్కా?"

వెక్కిరించాడో, నిజంగానే తెలియలేదో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.